ఆ జీపే ఈ జీపా?

2021 జూలైలో కేంద్ర రోడ్డు రవాణా శాఖ మోటారు వాహనాల నిబంధనలను సవరించి, వింటేజి బళ్ల రిజిస్ట్రేషనుకు ఒక పద్ధతి ఏర్పరిచింది. మొదటిసారి రిజిస్టరై 50 ఏళ్లు దాటిన రెండు చక్రాల, నాలుగు చక్రాల బళ్లు దాని కిందికి వస్తాయి. 20,000 రూపాయలు కడితే ‘వీఏ’ అక్షరాలు కలిసిన ప్రత్యేకమైన నంబరు వస్తుంది, అది పదేళ్లు చెల్లుతుంది. ఆ బండిని రోజూ తిప్పకూడదు. ప్రదర్శనకో, ర్యాలీకో, పెట్రోలు పోయించడానికో, మరమ్మతుకో మాత్రమే రోడ్డెక్కించాలి. ఇంతవరకు పేచీ లేదు. చిక్కంతా నిర్వచనంలో ఉంది. బండి తన అసలు రూపంలో ఉండాలట; చాసిస్‌లోగాని బాడీ షెల్‌లోగాని ఇంజనులోగాని మార్పు తెచ్చే పెద్ద మరమ్మతు జరిగి ఉండకూడదట. రాసిన అధికారికి తెలుసో లేదో గాని, మన దర్శనకారులు రెండు వేల ఏళ్లుగా వాదులాడుకుంటున్న ప్రశ్నకు ఆయన గెజిట్‌లో ఒక్క వాక్యంతో తీర్పు చెప్పేశాడు. భాగాలు మారిపోతూ ఉన్న వస్తువు ఎంతవరకు ఆ వస్తువే? ఏ భాగం పోతే అది పోయినట్టు?

ఈ ప్రశ్న ఏ పాత కారు విషయంలోనైనా వేయవచ్చు గాని, జీపు విషయంలో వేసినప్పుడు పదునెక్కుతుంది. సంస్థానాధీశుల రోల్స్‌రాయిస్‌లకు బాడీలు ఒక్కొక్కటీ విడిగా కట్టించేవారు. పుట్టుకతోనే ప్రతి కారుకూ ఒక వ్యక్తిత్వం ఉండేది. జీపు అలా పుట్టలేదు. 1940 జూలైలో అమెరికా సైన్యం తేలికపాటి బండి కావాలని 135 కంపెనీలను అడిగింది, నమూనా బండికి 49 రోజులు గడువిచ్చింది. పెన్సిల్వేనియా రాష్ట్రంలో బట్లర్ అనే ఊళ్లో ఉన్న బాంటమ్ అనే చిన్న కంపెనీ, కార్ల్ ప్రోబ్‌స్ట్ చేత నక్షాలు గీయించి, సెప్టెంబరు 23న బండిని అప్పగించింది. సైన్యం ఆ నక్షాలను విల్లీస్‌కూ ఫోర్డ్‌కూ కూడా చూపించింది. చివరకు విల్లీస్ నమూనా ఖాయమైంది, ఫోర్డ్ కూడా అదే బండి తయారు చేయాల్సి వచ్చింది. విల్లీస్ బండి భాగం ఫోర్డ్ బండికి, ఫోర్డ్ భాగం విల్లీస్ బండికి అతకాలన్నది షరతు. యుద్ధం ముగిసేసరికి ఇద్దరూ కలిసి దాదాపు 6,40,000 బళ్లు చేశారు. మొదట్లో వెనక రేకు మీద కంపెనీ పేరు అచ్చొత్తేవారు. 1942లో సైన్యం అది కూడా వద్దంది. 1944 నాటికి రెండు కంపెనీల బళ్లకూ బాడీలు ఒకే కర్మాగారం నుంచి వస్తున్నాయి. ఎవరి చేతి పనో కూడా తెలియకూడదన్న పట్టుదలలోంచి పుట్టిన బండి ఇది. ఫోర్డ్ వాళ్లు మాత్రం ఉండబట్టలేక బోల్టుల తలల మీద సైతం ‘ఎఫ్’ అక్షరం కొట్టుకున్నారు.

అలాంటి బండి ఇవాళ దొరికితే ఏ స్థితిలో దొరుకుతుంది? సైన్యం వేలంలో అమ్మి ఉంటుంది. తోటల మీదో, క్వారీలోనో, ఎన్నికల ప్రచారంలోనో ముప్ఫై నలభై ఏళ్లు అరిగి ఉంటుంది. అడుగు రేకు తుప్పు పట్టి ఊడిపోతే మామూలు రేకు వేసి వెల్డింగు చేసి ఉంటారు. పెట్రోలు ఖర్చు భరించలేక డీజిల్ ఇంజను ఎక్కించి ఉంటారు. అసలు గేర్‌బాక్సు పోతే సివిల్ జీపుది బిగించి ఉంటారు. దీన్ని కొన్న ఔత్సాహికుడు ఏం చేస్తాడు? ఫిలిప్పీన్స్‌లో అచ్చం పాత కొలతలతో కొత్తగా చేస్తున్న బాడీ తెప్పిస్తాడు. ఇంకో జీపులోంచి ఇంజను తెచ్చి, బోరింగు చేయించి పెడతాడు. వైరింగు, సీటు బట్ట, టైర్లు కొత్తవి; నంబరు ఫలకం కూడా కొత్తగా చేయించిందే కావచ్చు. చివరకు ఆలివ్ రంగు వేసి, బానెట్ మీద తెల్ల నక్షత్రం దిద్ది, ఇది 1944 నాటి జీపు అంటాడు. అందులో 1944 నాటిది ఏమిటని అడిగితే చాసిస్ చూపిస్తాడు. ఆ చాసిస్‌కు కూడా రెండు చోట్ల అతుకులుంటాయి.

మిళింద పన్హ అనే బౌద్ధ గ్రంథంలో నాగసేనుడనే భిక్షువు రాజును నిలదీసింది ఇలాంటి చోటే. గ్రీకు వంశపు రాజు మినాండర్‌ను బౌద్ధులు మిళిందుడన్నారు. ఆయన భిక్షువు దగ్గరకు రథమెక్కి వస్తాడు. రథమంటే ఏది, నొగా, ఇరుసా, చక్రాలా, చట్రమా, కాడా, పగ్గాలా అని నాగసేనుడు ఒక్కొక్కటే అడుగుతాడు. రాజు దేనికీ ఔననలేడు, అన్నీ కలిపిన కుప్ప కూడా రథం కాదంటాడు, వీటికి భిన్నంగా ఇంకొకటి ఉందనీ చెప్పలేడు. ఈ భాగాలను ఆధారం చేసుకుని రథమనే పేరు వాడుకలో ఉంది, అంతే. మనిషి సంగతీ ఇంతేనని నాగసేనుడి సిద్ధాంతం. జీపుల మీద మోజున్నవారికి ఇది మింగుడుపడదు. వారు లక్షలు పోసి కొన్నది పేరును కాదు. నొగ, ఇరుసు, చక్రం బదులు చాసిస్, యాక్సిల్, స్టీరింగు అని వేసుకుంటే నాగసేనుడి ప్రశ్న ఒక్క అక్షరం మారకుండా వారి షెడ్డులో నిలబడుతుంది.

బౌద్ధుడు కాదన్నాడు కనుక నైయాయికుడి దగ్గరకు పోవచ్చు. వస్తువుల నిజత్వం కోసం బౌద్ధులతో శతాబ్దాల తరబడి పోరాడినవాళ్లు న్యాయ వైశేషికులే. భాగాలు వేరు, వాటిలో సమవాయమనే విడదీయరాని సంబంధంతో ఉండే అవయవి, అంటే మొత్తం వస్తువు, వేరు, అది నిజంగా ఉన్నదే అంటారు వారు. దారాల కుప్ప బట్ట కాదు. దారాల్లో పుట్టిన బట్ట ఇంకొక ద్రవ్యం. ఈ శాస్త్రంలో ఓనమాలు దిద్దే ప్రతివాడూ చదివే తర్కసంగ్రహం రాసిన అన్నంభట్టు తెలుగువాడే. ఈ లెక్కన జీపు అనేది భాగాలకు మించిన ఒక నిజమైన వస్తువు, కొన్నవాడి డబ్బు వృథా పోలేదు. కానీ ఆనందపడే లోపలే ఆ శాస్త్రం రెండో మాట చెబుతుంది. దారాల కలయిక బట్టకు అసమవాయి కారణం. ఆ కలయిక చెడితే బట్ట నశిస్తుంది. ఒక దారం లాగేస్తే పాత బట్ట పోయి, మిగిలిన దారాల్లో ఖండపటమనే కొత్త బట్ట పుడుతుంది. అంటే ఒక్క బోల్టు విప్పి కొత్తది బిగించినా పాత జీపు పోయినట్టే, కొత్త జీపు పుట్టినట్టే. మరి అదే జీపని గుర్తుపడుతున్నాం కదా అంటే, కత్తిరించాక మళ్లీ పెరిగిన జుట్టును ‘అదే జుట్టు’ అన్నట్టుగా పోలికను బట్టి కలిగిన భ్రమ అది అంటాడు నైయాయికుడు. ఒకరు అవయవి లేదన్నారు, ఇంకొకరు ఉంది గాని చిటికెలో పోతుందన్నారు. బద్ధ శత్రువులైన ఈ రెండు దర్శనాలూ పాత జీపుల వాడికి మాత్రం ఒకే జవాబిచ్చాయి: నువ్వనుకుంటున్న ‘అదే’ ఇక్కడ లేదు.

పాశ్చాత్యులకు ఇదే చర్చ థీసియస్ ఓడ రూపంలో ఉంది. ఏథెన్సు వాళ్లు ఆ ఓడను దాచుకుని కుళ్లిన చెక్కల బదులు కొత్తవి వేస్తూ వచ్చారని ప్లూటార్క్ రాశాడు. 17వ శతాబ్దంలో హాబ్స్ దాన్ని మెలిపెట్టాడు: తీసేసిన పాత చెక్కలన్నీ ఎవరో దాచి వాటితో మళ్లీ ఓడ కడితే, రెండింటిలో ఏది అసలుది? జీపుల లోకంలో ఇది ఊహ కాదు. సైన్యం డిపోల్లో బళ్లను గుంపులుగా విప్పి, ఇంజన్లు ఒక వరుసన, యాక్సిళ్లు ఒక వరుసన పెట్టి బాగుచేసి, చేతికందిన చాసిస్‌కు చేతికందిన ఇంజను బిగించేవారు. యుద్ధం తర్వాత పారిస్ దగ్గర లా మాల్తూర్నే డిపోలో ఫ్రెంచి సైన్యం ఏళ్ల తరబడి చేసిన పని ఇదే. విల్లీస్ చాసిస్ మీద ఫోర్డ్ బాడీ, అందులో ఎవరిదో తెలియని ఇంజను. ఫోర్డ్ కంపెనీ చాసిస్ మీద, ఇంజను మీద ఒకే నంబరు కొట్టి పంపేది. అలా జతగా మిగిలిన బళ్లు ఇప్పుడు అపురూపం, ధర కూడా అందుకే ఎక్కువ. కానీ ఆ జత చెదరడం ప్రమాదమేమీ కాదు, అలా చెదిరినా నడవాలనే కదా బండిని తయారు చేసింది! డిపోలో మిస్త్రీకి ‘ఈ జీపు’ అన్న ఆలోచనే అడ్డు. జీపుకు ఒంటరి అస్తిత్వం అంటగట్టింది తర్వాతి కాలపు మోజే.

మన దేశంలో కథ ఇంకా గజిబిజిగా ఉంటుంది. స్వాతంత్ర్యం వచ్చిన రోజుల్లోనే మహీంద్రా కంపెనీ విల్లీస్ జీపుల విడిభాగాలు తెచ్చి బొంబాయిలో బిగించడం మొదలుపెట్టింది; తర్వాత లైసెన్సు మీద సీజే-3బీ రకాన్ని దశాబ్దాల పాటు ఇక్కడే తయారు చేసింది. పొడుగాటి ఇంజను పట్టడానికి ఎత్తు పెంచిన దాన్ని హై బానెట్ అనీ, పాతవాటిని లో బానెట్ అనీ మెకానిక్కులు అంటారు. లో బానెట్‌కే గిరాకీ కనుక, మహీంద్రా బానెట్ కోసి కిందికి దించి, ఏడు గీతల జాలీ బదులు తొమ్మిది గీతల జాలీ పెట్టి, యుద్ధకాలపు బండి అనే వాళ్లున్నారు. హర్యానాలోని మండీ డబ్వాలీలో సైన్యం వేలాల తుక్కు, మార్కెట్లో దొరికే భాగాలు, లేత్ మిషన్లు కలిపి జీపులు కట్టడం ఒక పరిశ్రమ. వాళ్లను నకిలీగాళ్లని తీసిపారేయడం నాకు ఇష్టం లేదు. 1943లో టొలీడోలోని విల్లీస్ కర్మాగారంలో జరిగింది, డబ్వాలీలో జరుగుతున్నది సూత్రరీత్యా ఒకటే: దొరికిన భాగాలను అదే నక్షా ప్రకారం బిగించడం. నక్షాయే జీపైతే రెండూ జీపులే. తేడా వచ్చేది బండి పక్కన నిలబడి ఎవరో నోరు విప్పినప్పుడు.

ఇక్కడ మళ్లీ నాగసేనుడే దారి చూపుతాడని నా ఉద్దేశం. రథం కథను అందరూ చెబుతారు గాని అదే గ్రంథంలో ఉన్న మామిడిపళ్ల దొంగను అంతగా తలచుకోరు. ఒకడు పరాయి తోటలో మామిడిపళ్లు కోసి దొరికిపోతాడు. ఈ తోటవాడు నాటిన మామిడి టెంకలు వేరు, నేను కోసిన పళ్లు వేరు, అతని వస్తువు నేను తీసుకోలేదని వాదిస్తాడు. భాగాల లెక్కన అతని వాదం తిరుగులేనిది. ఆ టెంకలో ఉన్న పదార్థం ఈ పండులో లేనేలేదు. అయినా వాడు శిక్షకు అర్హుడే, ఎందుకంటే ఆ టెంకను ఆధారం చేసుకునే ఈ పండు పుట్టింది. రాత్రి మొదటి జాములో వెలిగిన దీపజ్వాల, చివరి జాములో వెలుగుతున్న జ్వాల అదీ కాదు, వేరూ కాదు అన్న మాట కూడా అక్కడిదే. బౌద్ధులు దీన్ని సంతానం అన్నారు, ఒకదాని మీద ఆధారపడి ఇంకొకటి వచ్చే ధార. గమనించవలసింది ఏమిటంటే, నాగసేనుడు ‘అదే’ అన్న ప్రశ్నను గాలిలో అడగడు. ఎవరు ఎవరికి బాకీ అన్నచోట అడుగుతాడు. టెంకకూ పండుకూ మధ్య ఉన్న ధార నిజం. ఆ ధారను ‘అదే’ అని పిలవాలా వద్దా అన్నది ఆ పిలుపు మీద ఏ లెక్క ఆధారపడి ఉందో చూసి తేల్చుకోవలసిన విషయం. జీపు విషయంలోనూ ఇంతే. ఏ చాసిస్ ఏ సంవత్సరంలో వచ్చింది, ఏ ఇంజను ఎప్పుడు మారింది, ఏ రేకు ఎవరు కోశారు, ఇవన్నీ జరిగిన సంగతులు, నిజమో అబద్ధమో తేలేవి. ‘ఇది అదే జీపు’ అన్న మాట ఆ సంగతులకు పొట్టి పేరు. ఆ పొట్టి పేరు కొనేవాడి దగ్గర ఏ సంగతినైనా దాచిపెడితే అది అబద్ధం. దాచకపోతే ప్రతి భాగం మారినా అది అబద్ధం కాదు. కనుక ఇది సత్తా శాస్త్రం తేల్చే ప్రశ్న కాదు, సత్యవ్రతానికి సంబంధించిన ప్రశ్న.

జీపుల పేరున స్వతంత్ర భారతదేశంలో మొదటి కుంభకోణం జరిగింది ఇందుకే అనిపిస్తుంది. 1948లో కాశ్మీరు యుద్ధం సాగుతుండగా లండన్‌లో మన హైకమిషనరు వి.కె. కృష్ణమీనన్ మామూలు పద్ధతులు పక్కనబెట్టి 80 లక్షల రూపాయల ఒప్పందం మీద సంతకం చేశారు. కొన్నవి కొత్తవి కావు, బాగుచేసి ఇస్తామన్న పాత సైనిక జీపులు. ఇక్కడికి చేరినవి 155. సైన్యం వాటిని పనికిరావంది. విచారణ సంఘానికి నాయకత్వం వహించింది తిరుచానూరులో పుట్టిన మాడభూషి అనంతశయనం అయ్యంగారు. 1955లో ప్రభుత్వం ఆ వ్యవహారాన్ని మూసేసింది. రాజకీయంగా ఎవరి తప్పెంత అన్నది వేరే చర్చ. మనకు కావలసింది ఒక్కటే: ఆ గొడవకు మూలం జీపులోని భాగాలు పాతవి కావడం కాదు. పాతవే అని అందరికీ తెలుసు. నడిచే జీపులిస్తామన్న మాటకూ దిగిన బళ్లకూ మధ్య దూరమే తగాదా. భాగాలు మారినా నడిచి ఉంటే పేచీయే ఉండేది కాదు.

నా వాదానికి మొదటి అభ్యంతరం సులువుగా ఊహించవచ్చు. అంతా చెప్పే మాటలోనే ఉందంటే, నిన్న రేకులు కోసి కట్టిన బండిని కూడా నిజాయితీగా ‘నిన్నటిది’ అని చెప్పి ముప్ఫై ఏళ్లు శ్రమించి బాగుచేసిన దాని పక్కన పెట్టవచ్చా? పెట్టవచ్చు, కానీ రెండూ సమానమని నేననలేదు. ధార నిజమన్నాను కనుక, పొడుగాటి ధారకూ నిన్న మొదలైన ధారకూ తేడా ఉంటుంది. తాత కట్టిన పూరింటికి ఏటా తాటాకు మార్చి, అప్పుడప్పుడు వాసాలు మార్చి, చివరకు నిట్రాళ్లు కూడా మార్చేస్తారు. అది తాత కట్టిన ఇల్లే అనడంలో ఊళ్లో ఎవరికీ సందేహం రాదు, మార్చిన సంగతి ఊరందరికీ తెలుసు కనుక. పక్క వీధిలో అదే కొలతలతో కొత్తగా వేసిన పాక ఎంత ముచ్చటగా ఉన్నా తాతది కాదు. నైయాయికుడు భ్రమ అన్న ఆ గుర్తింపు నిజానికి భ్రమ కాదు, అది ఊరి జ్ఞాపకంలో ఉన్న లెక్క.

మన గుళ్లు ఈ విషయంలో గెజిట్ కన్నా తెలివిగా ఉన్నాయి. పూరీలో నవకళేబరం జరిగినప్పుడు జగన్నాథుడి వేపకర్ర శరీరం మొత్తం కొత్తదవుతుంది. చివరిసారి 2015లో, అంతకుముందు 1996లో జరిగింది. పాత విగ్రహాలను కోయిలి వైకుంఠంలో పూడ్చిపెడతారు. తిరుమలలో 2018 ఆగస్టులో బాలాలయ సంప్రోక్షణ జరిగినప్పుడు మూలమూర్తి శక్తిని కుంభంలోకి ఆవాహన చేసి, పని పూర్తయ్యాక తిరిగి మూర్తిలో నిలిపారు. శ్రీశైలం జలాశయంలో మునిగిపోకుండా కూడలి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి అలంపురంలో మళ్లీ కట్టారు. హాబ్స్ అడిగిన రెండో ఓడ లాంటిదే అది. పూరీలో పదార్థం మారింది, అలంపురంలో చోటు మారింది, ఎవరి భక్తీ సడలలేదు. అయితే పూరీలో బ్రహ్మపదార్థం అనే మారని గుట్టు ఒకటి ఉంది కదా, జీపుకు అలాంటిది ఏముంది అనవచ్చు. ఉంది, ఆర్టీఓ దృష్టిలో చాసిస్ నంబరే ఆ బ్రహ్మపదార్థం. అసలు తేడా ఇంకోచోట ఉంది. పూరీలో కొత్త కర్రను పాతదిగా చూపించడానికి ఎవరూ ప్రయత్నించరు. అది ఏ చెట్టు, ఏ ఊళ్లో దొరికింది, ఏ రోజున కొట్టారు, అంతా బహిరంగం. పాత జీపుల వాడు కొత్త నంబరు ఫలకం చేయించి దానికి యాసిడ్ పూసి నలభైల నాటి మాసిన రంగు తెప్పిస్తాడు. దైవత్వం ఉన్నచోటే దాపరికం అక్కరలేకపోతే, ఇనుప బండికి ఎందుకు కావలసి వచ్చింది?

రెండో అభ్యంతరం దీనికన్నా బలమైనది. ధార, లెక్క, మాట అన్నీ సరే, మనిషికి స్పర్శ కావాలి; ఆ రోజు ఆ చోట ఉన్న ఇనుమును తాకాలి. 1965 సెప్టెంబరులో ఖేమ్‌కరణ్ దగ్గర అబ్దుల్ హమీద్ జీపు మీద బిగించిన రికాయిల్‌లెస్ తుపాకితో పాకిస్తాన్ ట్యాంకుల మీద విరుచుకుపడ్డాడు. ట్యాంకు గుండు తగిలి ఆ జీపుతో పాటే పోయాడు, పరమవీరచక్ర ఇచ్చారు. అలాంటి తుపాకి బిగించిన జీపులను ప్రదర్శనల్లో చూసి చేతులు జోడించేవారు ఉంటారు, అందులో నవ్వవలసింది ఏమీ లేదు. అవశేషం మీద గౌరవం బౌద్ధంలోనూ ఉంది. ధాతువు లేకుండా స్తూపం ఎక్కడిది? కానీ ఈ అభ్యంతరాన్ని చివరి దాకా తీసుకువెళ్తే అది బాగుచేసేవాడి మీదికే తిరుగుతుంది. స్పర్శే కావాలంటే రంగు గీకకూడదు, సొట్ట తీయకూడదు, పుట్టీ పెట్టకూడదు. ధాతువును సానబెట్టి మెరుగు పెట్టరు. రూపమే కావాలంటే ఫిలిప్పీన్స్ బాడీతో కొత్తగా కట్టుకోవచ్చు, ఎవరూ వద్దనరు. అవశేషపు పవిత్రత, కర్మాగారంలోంచి అప్పుడే దిగిన మెరుపు, రెండూ ఒకే బండిలో కావాలని కోరుకున్నప్పుడే అబద్ధానికి గిరాకీ పుడుతుంది. 1964 వెనిస్ ఒడంబడికలో కట్టడాల గురించి చెప్పుకున్న నియమం ఇక్కడికీ సరిపోతుంది: ఊహ మొదలైన చోట పునరుద్ధరణ ఆగాలి, కొత్తగా పెట్టిన భాగం పాతదానితో ఇమిడిపోతూనే వేరని తెలియాలి.

బండిని ఏ క్షణానికి తిరిగి తీసుకువెళ్తున్నారన్నది ఎవరూ గట్టిగా అడగని ప్రశ్న. సైన్యంలో రెండేళ్లు తిరిగి, తర్వాత కాఫీ తోటలో నలభై ఏళ్లు పనిచేసిన జీపు ఆత్మకథలో సైన్యం ముందుమాట మాత్రమే. ఆ నలభై ఏళ్లనూ గీకేసి 1944కు తీసుకుపోవడం బాగుచేయడమా, చెరిపేయడమా? తోట యజమాని వెనక బిగించిన కొక్కెం, మెకానిక్కు స్థానికంగా కొట్టిన ఇనుప పట్టీ, ఇవి కూడా ఆ బండికి జరిగినవే. 1944 గొప్ప, 1974 తక్కువ అన్న తీర్పు ఎక్కడి నుంచి వచ్చింది? యుద్ధం గొప్పది, పొలం పని చిన్నది అన్న పాత అలవాటు నుంచే. ‘ఎఫ్’ బోల్టుల పిచ్చి ఇంకో ఉదాహరణ. ఫోర్డ్ బండికి ప్రతి బోల్టు మీదా ఆ అక్షరం ఉండాలని, ఒక్క జీపు కోసం మూడు జీపులను విప్పేసేవాళ్లున్నారు. ఒక ధారను నిండుగా కనిపించేలా చేయడానికి మూడు ధారలను తెంచడం! తుక్కులోకి పోయేవాటిలోంచి తీస్తే సరే. నడిచేవాటిని చంపి తీస్తే అది సేకరణ అనిపించుకోదు.

ఇంత చెప్పాక బౌద్ధుడు చిరునవ్వుతో అనవచ్చు: బోల్టుల నిజాయితీ అంతా బాగుంది, కానీ షెడ్డులో ఇరవై జీపులు పెట్టుకున్నవాడి రోగం పరిగ్రహం, నిజం చెబుతూ పోగుచేసినా పోగుచేయడమే. ఈ మాటకు నా దగ్గర పూర్తి జవాబు లేదు, ఉన్నట్టు నటించను. అయితే ఎక్కువ వస్తువులు ఉండటమే పరిగ్రహమా అన్నది భిక్షువుల నియమాల గ్రంథం వినయ పిటకంలోనే ఒకచోట చర్చకు వచ్చింది. కౌశాంబి రాజు ఉదయనుడి అంతఃపుర స్త్రీలు బుద్ధుడి శిష్యుడైన ఆనందుడికి 500 వస్త్రాలు దానమిచ్చారు. రాజుకు ఒళ్లు మండింది. ఈ శ్రమణుడు ఇన్ని బట్టలేం చేసుకుంటాడు, దుకాణం పెడతాడా అన్నాడు. వెళ్లి నిలదీశాడు కూడా. చీవరాలు చిరిగిన భిక్షువులకు పంచుతామన్నాడు ఆనందుడు. మరి ఆ చిరిగిన పాతవో? పడకల మీద పరుస్తాం. ఆ పరుపు బట్టలు పాతబడితే? నేల మీద పరుస్తాం. అవీ పాతబడితే కాళ్లు తుడుచుకోవడానికి, ఆ తర్వాత దుమ్ము దులపడానికి. అదీ అయ్యాక ముక్కలు చేసి మట్టిలో తొక్కి నేల అలుకుతాం. ప్రతి మెట్టు దగ్గరా వస్తువు పేరు మారింది, పని మారింది, ఏది ఏమైందో చెప్పగలిగే మనిషి ఉన్నాడు. ఉదయనుడు అంతా విని ఇంకో 500 వస్త్రాలు ఇచ్చి పంపాడు.